రెండు డోసులూ వేసుకున్న నాయకుడికి కోవిడ్ వస్తే టీకా పనిచేయనట్టేనా?

2022 జనవరి 23, ఆదివారం. ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడుకి హైదరాబాద్‌లో ఉండగా కోవిడ్ పాజిటివ్ వచ్చింది, వారం రోజులు ఐసోలేషన్‌లో ఉంటారు అని టీవీలో స్క్రోలింగ్ నడుస్తోంది. నల్లకుంటలో మేం కూర్చునే ఇరానీ హోటల్లో ఒక పెద్దాయన సాసర్‌లో చాయ్ పోసుకుంటూ, "రెండు సూదులేసుకున్న ఆయనకే వచ్చిందంట, ఇంక మనకెందుకయ్యా ఈ సూదులు?" అన్నాడు. ఎదురు బల్ల మీదున్న మెడికల్ షాపాయన ఊరుకోలేదు. "వచ్చింది సరే, దవాఖానకి పోయిండా? పోలే గదా. అదే సూది మహిమ" అన్నాడు. అరగంట నడిచింది గొడవ. బిస్కెట్లు అయిపోయాయి గానీ వాదన అవ్వలేదు.

ఆ రోజు నేను మనసులో మెడికల్ షాపాయన వైపే ఉన్నాను. ఇంటికెళ్లాక పాత వార్త ఒకటి గుర్తొచ్చింది. వెంకయ్యనాయుడుకి 2020 సెప్టెంబర్ 29న కూడా పాజిటివ్ వచ్చింది. అప్పటికి దేశంలో టీకానే లేదు. అప్పుడూ ఆయనకి లక్షణాలేమీ లేవు, ఇంట్లోనే క్వారంటైన్‌లో ఉండి బయటపడ్డారు. మరి అప్పుడు ఏ సూది మహిమ? అంటే హోటల్లో వాదించుకున్న ఇద్దరూ చేసింది ఒకటే పని. ఒక్క మనిషి రిపోర్టు పట్టుకుని టీకా మీద తీర్పు చెప్పేశారు, కాకపోతే చెరో తీర్పు.

ఏ నాయకుడికి పాజిటివ్ వచ్చినా ఇదే గొడవ మళ్ళీ మొదలవుతుంది కాబట్టి, ఈ చిక్కుముడిని కాస్త ఓపిగ్గా విప్పుదాం.

"టీకా వేసుకున్నారు" అంటే ఎప్పుడు వేసుకున్నట్టు?

టీకా పూర్తయ్యాక కూడా వైరస్ సోకితే దాన్ని బ్రేక్‌త్రూ ఇన్ఫెక్షన్ అంటారు, కంచె దాటుకుని లోపలికొచ్చిందని. మెలిక "పూర్తయ్యాక" అనే మాటలో ఉంది. రెండో డోసు పడిన తర్వాత 14 రోజులు గడిస్తేనే పూర్తయినట్టు లెక్క. సూది పడిన సాయంత్రానికే ఒంట్లో రక్షణ సిద్ధమైపోదు.

అప్పటి హర్యానా ఆరోగ్యమంత్రి అనిల్ విజ్ సంగతి చూడండి. 2020 నవంబర్ 20న కోవాగ్జిన్ మూడో దశ ట్రయల్లో వాలంటీర్‌గా మొదటి డోసు తీసుకున్నారు, డిసెంబర్ 5న పాజిటివ్ వచ్చింది, హాస్పిటల్లో చేరాల్సి వచ్చింది. "టీకా వేసుకున్న మంత్రికే కరోనా" అని దేశమంతా గోల. మన హైదరాబాద్ పక్కన జీనోమ్ వ్యాలీలో తయారైన టీకా కదా, ఇక్కడ ఇంకాస్త ఎక్కువే అయింది. కానీ ఆయనకి పడింది ఒక్క డోసు. పైగా ట్రయల్లో సగం మందికి టీకా బదులు ఉత్త మందు (టీకా సరుకు లేని ప్లసీబో సూది) ఇస్తారు, ఎవరికి ఏది ఇచ్చారో ఇచ్చేవాళ్లకీ పుచ్చుకునేవాళ్లకీ తెలియదు. దాన్ని బ్రేక్‌త్రూ కేసు అనడానికే వీల్లేదు.

మన్మోహన్ సింగ్ గారి కేసు ఇంత తేలిగ్గా తేలదు. 2021 మార్చి 4న ఒక డోసు, ఏప్రిల్ 3న రెండోది, రెండూ కోవాగ్జినే. ఏప్రిల్ 19న పాజిటివ్, ఢిల్లీ ఎయిమ్స్‌లో చేర్చారు. రెండో డోసుకీ పాజిటివ్‌కీ మధ్య 16 రోజులు, కాబట్టి కాగితం మీద ఆయన టీకా పూర్తయిన మనిషే. అయితే వైరస్ ఒంట్లోకి దిగిన రోజే పరీక్షలో కనబడదు, సాధారణంగా కొన్ని రోజులు పడుతుంది. ఓ అయిదు రోజులు వెనక్కి లెక్కేస్తే వైరస్ సోకేనాటికి ఆ 14 రోజులు నిండాయో లేదో అనుమానమే. హెడ్‌లైన్‌లో మాత్రం "రెండు డోసులు వేసుకున్న మాజీ ప్రధాని" అని ఒక్క ముక్కలో తేలిపోయింది.

77.8 శాతం అంటే మిగతా 22 మందికి వస్తుందని కాదు

కోవాగ్జిన్ ట్రయల్ ఫలితం 77.8 శాతం అన్నప్పుడు మా ఇంట్లోనే ఒకరు, "అంటే వందలో 22 మందికి వస్తుందన్నమాట" అన్నారు. చాలామంది ఇలాగే అనుకున్నారు. అసలు లెక్క ఇది. ట్రయల్లో ఫలితాలు లెక్కించిన రెండు గుంపుల్లో, ఒక్కో దాంట్లో దాదాపు 8,500 మంది ఉన్నారు. టీకా పడిన గుంపులో లక్షణాలతో కోవిడ్ వచ్చింది 24 మందికి. ఉత్త మందు పడిన గుంపులో 106 మందికి. 106 రావాల్సిన చోట 24 వచ్చాయి కాబట్టి నాలుగింట మూడొంతులకు పైగా తగ్గినట్టు. 77.8 అనేది ఆ తగ్గుదల. టీకా గుంపులో నిజంగా జబ్బుపడింది వందకి ఒకరు కూడా కాదు.

సీరియస్ అయిన కేసులు మొత్తం 16. వాటిలో 15 ఉత్త మందు గుంపులో, ఒకటి టీకా గుంపులో. అక్కణ్నుంచే 93.4 శాతం అనే అంకె వచ్చింది. వినడానికి ఘనంగా ఉంది గానీ 16 కేసుల మీద కట్టిన అంకె అది, అటు ఒకటి ఇటు ఒకటి మారినా ఊగుతుంది. పరిశోధకులు కూడా అసలు విలువ 57 నుంచి దాదాపు 100 దాకా ఎక్కడైనా ఉండొచ్చనే రాశారు. వార్తల్లో మాత్రం 93.4 ఒక్కటే పడింది.

ట్రయల్ అయ్యాక బయట ప్రపంచంలో చూస్తే అంకెలు దిగాయి. 2021 ఏప్రిల్, మే నెలల్లో డెల్టా రకం వైరస్ విజృంభించినప్పుడు ఢిల్లీ ఎయిమ్స్ సిబ్బంది మీద చేసిన అధ్యయనంలో లక్షణాలతో వచ్చే కోవిడ్‌ను కోవాగ్జిన్ రెండు డోసులు 50 శాతం మేరకే ఆపాయి. వెల్లూరు సీఎంసీ హాస్పిటల్ సిబ్బంది లెక్క ఇంకా ఆసక్తిగా ఉంటుంది, అక్కడ ఎక్కువమంది వేసుకున్నది కోవిషీల్డ్. రెండు డోసుల తర్వాత ఇన్ఫెక్షన్ నుంచి రక్షణ 65 శాతం, హాస్పిటల్లో చేరాల్సిన అవసరం నుంచి 77, ఆక్సిజన్ పెట్టాల్సిన పరిస్థితి నుంచి 92, ఐసీయూ నుంచి 94. జబ్బు తీవ్రత మెట్టు మెట్టుకీ పెరిగేకొద్దీ టీకా పట్టు కూడా పెరుగుతోంది. టీకా గురించి "పనిచేస్తుందా" అని అడిగితే, దేన్ని ఆపడానికి అని ఎదురు ప్రశ్న వేయాల్సొచ్చేది ఇందుకే.

ముక్కులో ఆగదు, ఊపిరితిత్తుల్లో ఆగుతుంది

ఎందుకిలా? భుజానికి వేసిన సూది వల్ల తయారయ్యే యాంటీబాడీలు ఎక్కువగా రక్తంలో తిరుగుతాయి. వైరస్ దిగేదేమో ముక్కులో, గొంతులో. అక్కడి తడి పొర మీద కాపలా పలచగా ఉంటుంది, టీకా వేసుకున్న కొన్ని నెలలకి ఇంకా పలచబడుతుంది. ఒమిక్రాన్ లాంటి రూపం మార్చుకున్న వైరస్ వస్తే ఉన్న యాంటీబాడీలు కూడా దాన్ని సరిగా గుర్తుపట్టలేవు. దాంతో జలుబు, జ్వరం, పాజిటివ్.

కానీ టీకా ఇంకో పని కూడా చేసి పెట్టింది. ఈ శత్రువు ఎలా ఉంటాడో గుర్తుంచుకునే కణాలను తయారుచేసింది. అవి లేచి పని మొదలెట్టడానికి కొన్ని రోజులు పడుతుంది. వైరస్ ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా దిగి నాశనం చేయడానికీ కొన్ని రోజులు కావాలి కాబట్టి, ఆ పరుగులో చాలామందికి కణాలే ముందు చేరుకుంటాయి. వాటిలో టి-కణాలనేవి వైరస్ పై తొడుగు కాస్త మారినా మోసపోవు. పాజిటివ్ రావడం, ఐసీయూ దాకా పోకపోవడం, రెండూ ఒకే మనిషిలో జరగడం వింతేమీ కాదు.

ముక్కులోనే ఆపాలన్న ఆలోచనతో వచ్చిందే ముక్కులో చుక్కలుగా వేసే టీకా. కోవాగ్జిన్ తయారుచేసిన భారత్ బయోటెక్ వాళ్లదే, 2023 జనవరి 26న విడుదలైంది. అప్పటికి జనానికి టీకా మాట వింటేనే విసుగొచ్చేసింది, అది వేరే సంగతి.

హాస్పిటల్లో ఉన్నవాళ్లలో సగానికిపైగా టీకా వేసుకున్నవాళ్లే ఎందుకుంటారు

"హాస్పిటల్లో ఉన్నవాళ్లలో సగానికిపైగా టీకా వేసుకున్నవాళ్లే, అంటే టీకా దండగ." వాట్సాప్‌లో బాగా తిరిగిన వాదన ఇది, తప్పుడు అంకెలు లేకుండానే తప్పు దారి పట్టించే రకం. కూకట్‌పల్లిలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయం ఉందనుకుందాం, అందులో 60 దాటినవాళ్లు సరిగ్గా 1,000 మంది (లెక్క కోసం నేను వేసుకున్న అంకెలివి). 950 మంది టీకా వేసుకున్నారు, 50 మంది వేసుకోలేదు. ఒక వేవ్ వచ్చింది. టీకా లేనివాళ్లలో వందకి 20 మంది చొప్పున హాస్పిటల్ పాలయ్యారు, అంటే 10 మంది. టీకా ఉన్నవాళ్లలో వందకి ఇద్దరు చొప్పున, అంటే 19 మంది. మొత్తం 29 మందిలో 19 మంది టీకా వేసుకున్నవాళ్లే! మూడింట రెండొంతులు. టీకా మాత్రం ప్రమాదాన్ని 90 శాతం తగ్గించింది. ఆ మిగిలిన 50 మంది కూడా వేసుకుని ఉంటే హాస్పిటల్లో ఉన్న ప్రతి ఒక్కరూ టీకా వేసుకున్నవాళ్లే అయ్యేవాళ్లు.

ఇది ఊహ కాదనడానికి ఇజ్రాయెల్ ఉంది. 2021 ఆగస్టు 15 నాటికి అక్కడ తీవ్రమైన కోవిడ్‌తో హాస్పిటల్లో ఉన్న 515 మందిలో 301 మంది ఫైజర్ టీకా పూర్తిగా వేసుకున్నవాళ్లు. ప్రపంచమంతా పేపర్లలో పడింది. జనాభాలో లక్షకి ఎంతమంది అని చూస్తే టీకా లేనివాళ్లలో 16.4, ఉన్నవాళ్లలో 5.3. అంటే రక్షణ 67 శాతం చిల్లర. సరే, ఇంతేనా అనిపిస్తుంది. వయసు ప్రకారం విడదీస్తే కథ మారింది. 50 లోపు వాళ్లలో లక్షకి 3.9 ఉండాల్సింది 0.3కి పడింది, 92 శాతం రక్షణ. 50 దాటినవాళ్లలో 91.9 నుంచి 13.6కి, 85 శాతం. రెండు ముక్కల్లోనూ 85కి పైనే ఉన్నది కలిపేసరికి 67 ఎలా అయిందంటే, టీకా వేసుకున్న గుంపులో ముసలివాళ్లు ఎక్కువ, వేసుకోని గుంపులో కుర్రాళ్లు ఎక్కువ. వయసు చేసిన పనిని టీకా నెత్తిన వేసినట్టయింది.

ఈ నాలుగు అంకెల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడండి. టీకా వేసుకున్న పెద్దవయసు గుంపుకి 13.6. టీకా అసలు వేసుకోని 50 లోపు గుంపుకి 3.9. అంటే టీకా వేసుకున్న పెద్దాయన కంటే వేసుకోని కుర్రాడికే హాస్పిటల్ ప్రమాదం తక్కువ, అదీ మూడో వంతు కన్నా తక్కువ. మన నాయకుల్లో ఎక్కువమంది ఏ వయసువాళ్లో వేరే చెప్పాలా? "నేను టీకా వేసుకోలేదు, నాకేం కాలేదు, ఆ మంత్రి వేసుకుని హాస్పిటల్లో పడ్డాడు" అనే ముప్పై ఏళ్ల కుర్రాడు అబద్ధం చెప్పడం లేదు. పోల్చకూడనివాళ్లతో పోల్చుకుంటున్నాడు.

నాయకుడు మనలాంటి పేషెంట్ కాదు

2021 ఆగస్టు 17న అమెరికాలో టెక్సస్ గవర్నర్ గ్రెగ్ ఆబట్‌కి పాజిటివ్ వచ్చింది. టీకా పూర్తయింది, వయసు 63, లక్షణాలేవీ లేవు. ముందు రోజు సాయంత్రమే జనంతో కిక్కిరిసిన సభలో ఉన్నారు. మాస్కులు తప్పనిసరి చేయొద్దని ఆదేశాలిచ్చిన గవర్నర్ కావడంతో రాజకీయంగా పెద్ద గొడవైంది, ఆ గొడవలో వైద్యం సంగతి మునిగిపోయింది. ఆయనకి రోజూ పరీక్ష చేస్తున్నారు కాబట్టి తెలిసింది. మనలాంటివాళ్లు లక్షణాలు లేకుండా రోజూ ముక్కులో పుల్ల పెట్టించుకుంటామా? ఆ పాజిటివ్ మన లెక్కలోకి అసలు ఎక్కేదే కాదు. వెంటనే ఆయనకి రీజెనరాన్ అనే కంపెనీ వాళ్ల మోనోక్లోనల్ యాంటీబాడీ మందు (ల్యాబ్‌లో తయారుచేసిన యాంటీబాడీలు) ఇచ్చారు, నాలుగు రోజులకే నెగటివ్. ఇందులో టీకా వాటా ఎంత, మందు వాటా ఎంత అనేది ఆ ఒక్క కేసు చూసి దేవుడు కూడా చెప్పలేడు.

రెండో వైపు కొలిన్ పావెల్. అమెరికా మాజీ విదేశాంగ మంత్రి, 84 ఏళ్లు, టీకా పూర్తయింది, 2021 అక్టోబర్ 18న కోవిడ్ సమస్యలతో చనిపోయారు. ఆయనకి మల్టిపుల్ మైలోమా ఉంది. యాంటీబాడీలు తయారుచేసే కణాలకే పట్టే క్యాన్సర్ అది, అలాంటి ఒంట్లో టీకాకి స్పందించే యంత్రాంగమే దెబ్బతిని ఉంటుంది. ఆబట్‌ని చూపించి టీకా అద్భుతం అనడం, పావెల్‌ని చూపించి టీకా మోసం అనడం, రెండూ ఒకటే తూకం.

"అడ్మిట్ అయ్యారు" అన్న మాట వెనక

మన్మోహన్ సింగ్ గారికి అప్పుడు 88 ఏళ్లు, షుగర్ ఉంది, గుండెకి బైపాస్ అయింది. కొద్దిపాటి జ్వరంతోనే ఎయిమ్స్‌లో పెట్టారు, పది రోజులకి ఏప్రిల్ 29న ఇంటికి పంపారు. అదే రోజుల్లో మన గాంధీ హాస్పిటల్ దగ్గర అంబులెన్సులు వరుసకట్టి, ఊపిరందని మనుషులు బెడ్ కోసం గంటలు గంటలు ఎదురుచూశారు. ఇద్దరినీ "హాస్పిటల్ కేసు" అనే ఒకే మాటతో లెక్కపెడతాం. ముందు జాగ్రత్తకి పెట్టడం ఒకటి, ఆక్సిజన్ అవసరమై చేరడం ఒకటి. కాలు విరిగి వెళ్తే టెస్ట్ చేసి పాజిటివ్ అనడం మూడోది. ఒమిక్రాన్ నాటికి ఈ మూడో రకం బాగా పెరిగింది.

మా ఇంట్లోనే జరిగింది. 2022 జనవరిలోనే మా నాన్నకి పాజిటివ్, 71 ఏళ్లు, కోవిషీల్డ్ రెండు డోసులు అయ్యాయి. అమ్మ పాల లెక్క రాసే నోట్‌బుక్ తిరగేసి వెనక పేజీల్లో గీతలు కొట్టి, పొద్దున 6, పది, రెండు అని టైమూ పక్కన ఆక్సిజన్ అంకె రాసేది. 96, 95, 96. ఒకరోజు తెల్లవారుజామున ఆక్సీమీటర్ 89 చూపించింది. ఇంట్లో అందరికీ కాళ్లు చేతులు ఆడలేదు. నాన్న మాత్రం మంచం మీద కూర్చుని "నాకేం కాలేదే" అంటున్నాడు. చలికి ఆయన వేళ్లు మంచుగడ్డల్లా ఉన్నాయి. అమ్మ రెండు అరచేతులూ రుద్ది, వేడినీళ్ల గ్లాసు పట్టుకోమని ఇచ్చి మళ్ళీ పెడితే 96. వేళ్లు చల్లబడితే ఆ క్లిప్పు తప్పు చూపిస్తుందని అప్పటిదాకా మాకు తెలియదు. అయినా టెన్షన్ ఆగక ఒక ప్రైవేటు హాస్పిటల్‌కి తీసుకెళ్తే, "ఎందుకైనా మంచిది, మూడు రోజులు ఉంచండి, ఇన్సూరెన్స్ ఉందిగా" అన్నారు. మేం ఉంచలేదు. ఉంచి ఉంటే "టీకా వేసుకున్నా హాస్పిటల్లో చేరినవాళ్లు" అనే లెక్కలో మా నాన్న పేరు కూడా ఒక గీత అయ్యేది.

అనుమానపడినవాళ్ల దగ్గరా కొంత నిజం ఉంది

టీకాని నమ్మనివాళ్లంతా మూర్ఖులని కొట్టిపారేయడం నాకు నచ్చదు. వాళ్లకి ఆ అనుమానం ఊరికే రాలేదు. 2021 జూలై 21న అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ ఒక టీవీ కార్యక్రమంలో, ఈ టీకాలు వేసుకుంటే కోవిడ్ రాదని చెప్పారు. సరిగ్గా ఏడాదికి, 2022 జూలై 21న ఆయనకే పాజిటివ్ వచ్చింది, అప్పటికి నాలుగు డోసులయ్యాయి. "వస్తే తీవ్రత తగ్గుతుంది" అని చెప్పాల్సిన చోట "రాదు" అని చెప్పినవాళ్లు మన దగ్గరా ఉన్నారు. ఆ మాట తప్పినప్పుడు జనం తప్పని తేలిన మాట ఒక్కదాన్నే కాదు, మొత్తాన్నీ అనుమానిస్తారు.

అధ్యయనాల్లోనూ లోపాలుంటాయి. టీకా కోసం ముందుగా వచ్చేవాళ్లు సాధారణంగా ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్లు, మాస్కూ సరిగ్గా పెట్టుకుంటారు. ఆ జాగ్రత్త ఫలితం కొంత టీకా ఖాతాలో పడొచ్చు. అలాగే "టీకా లేనివాళ్లు" అంటే అందరూ రక్షణ లేనివాళ్లని కాదు. 2021 మొదట్లో సీసీఎంబీ, ఎన్ఐఎన్ అనే పరిశోధన సంస్థలు, భారత్ బయోటెక్ కలిసి హైదరాబాద్‌లో చేసిన సర్వేలో 54 శాతం మందికి అప్పటికే యాంటీబాడీలున్నట్టు తేలింది. మామూలు జనానికి టీకాలు ఇంకా సరిగా అందని రోజులవి, అంటే నగరంలో సగం మందికి తెలిసో తెలియకో ఒకసారి సోకిపోయింది. అలాంటివాళ్లు టీకా లేనివాళ్ల గుంపులో ఉంటే టీకా బలం ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుంది. ఒక లోపం అంకెను పైకి లాగితే ఇంకోటి కిందికి లాగుతుంది.

దుష్ప్రభావాల మాట కూడా దాచాల్సింది కాదు. కోవిషీల్డ్ ఫార్ములాయే అయిన ఆస్ట్రాజెనెకా టీకాతో చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే సమస్య వస్తోందని తేలాక, బ్రిటన్ 2021 ఏప్రిల్‌లో 30 లోపువాళ్లకీ, మేలో 40 లోపువాళ్లకీ వేరే టీకా ఇస్తామంది. పెద్దవాళ్లకి అదే కొనసాగించింది. కుర్రాళ్లకి కోవిడ్‌తో హాస్పిటల్ పాలయ్యే ప్రమాదమే తక్కువ కాబట్టి ఆ చిన్న ముప్పు కూడా త్రాసులో బరువు తూగింది, అరవై దాటినవాళ్లకి తూగలేదు. ఒకే టీకా, రెండు వయసులు, రెండు జవాబులు.

ఇక హోటల్ సంగతి. ఆ నెలాఖరులోపే ఆ ఇద్దరికీ పాజిటివ్ వచ్చింది. మెడికల్ షాపాయనకి రెండు డోసులు. పెద్దాయన ఒక్క డోసుతో ఆపేశాడు, కాకపోతే 2020లోనే ఒకసారి వచ్చి తగ్గింది ఆయనకి. ఇద్దరూ ఇంట్లోనే ఉండి వారంలో లేచి తిరిగారు. మొన్న చాయ్ తాగుతూ ఆ మాట కదిపితే, "చూసినవా, నేను చెప్పలే?" అన్నాడు పెద్దాయన. ఎదురు బల్ల నుంచి మెడికల్ షాపాయన కూడా సరిగ్గా అదే అన్నాడు.